ముందు బ్రేకు తీసేయిస్తే బాబు పడకుండా ఉంటాడా?

ప్రశ్న: మాది భీమవరం. మా అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. వాడికి నిరుడు గేర్ల సైకిలు కొన్నాం, రెండు చక్రాలకూ డిస్కు బ్రేకులు ఉన్నాయి. రెండు నెలల క్రితం ట్యూషన్ నుంచి వస్తుంటే సందులోంచి ఆటో ఒకటి అడ్డం వచ్చింది. వీడు కంగారుపడి ముందు బ్రేకు గట్టిగా పట్టేశాడు. వెనక చక్రం గాల్లోకి లేచి, హ్యాండిల్ మీదుగా ముందుకు పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. ఇప్పుడు కట్టు విప్పేశారు. సైకిలు బాగు చేయించినప్పుడు మా వారు ముందు బ్రేకు వైరు తీసేయించారు. "వెనక బ్రేకు ఒక్కటే ఉంటే ఇక బోల్తా పడే భయం లేదు" అంటున్నారు. నాకెందుకో మనసు ఒప్పుకోవడం లేదు. అసలు ముందు బ్రేకు కుడి చేతిదా, ఎడమ చేతిదా అన్న విషయంలోనే మా ఇంట్లో తలో మాటా చెబుతున్నారు. వేసవి సెలవులకు బాబు విశాఖలో మా తమ్ముడి ఇంటికి వెళ్తాడు. అక్కడి పిల్లలతో కలిసి కైలాసగిరి ఘాట్ రోడ్డు మీద సైకిలు తొక్కుతానని ఇప్పటినుంచే గొడవ. పంపవచ్చా? ఇంకొక చిన్న సంగతి: బ్రేకు వేస్తే డిస్కు కీచుమంటోంది. కొబ్బరినూనె రెండు చుక్కలు వేస్తే పోతుందని మా అత్తగారు అంటున్నారు. వేయవచ్చా?
– ఒక తల్లి

సమాధానం: అమ్మా, మీ మనసు ఒప్పుకోకపోవడమే సరైనది. ఆ వైరు మళ్లీ వేయించండి. వేయించేదాకా బాబును ఆ సైకిలు ఎక్కనివ్వకండి. కొబ్బరినూనె జోలికి మాత్రం పోవద్దు, దాని సంగతి చివర చెబుతాను.

మీ వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పిల్లవాడి చేతికి కట్టు చూసిన ఏ తండ్రికైనా, ఆ పని చేసిన వస్తువును పీకి పారేయాలనే అనిపిస్తుంది. పైగా ఆ మాట ఆయన సొంతంగా కనిపెట్టింది కాదు. మా నాన్నకు గోదావరి జిల్లాలోనే ఒక చిన్న ఊళ్లో సైకిల్ టాక్సీ ఉండేది. గంటకు ఇంత అని అద్దెకిచ్చే సైకిళ్లు పన్నెండు. వాటిలో సగానికి ముందు బ్రేకు పనిచేసేది కాదు. మా నాన్నే విప్పేసేవాడు. "పిల్లలు పట్టుకుంటే పల్టీ కొడతారురా, వెనకది చాలు" అనేవాడు. కడ్డీ కిందుగా కాలు దూర్చి తొక్కే వయసులో నేను నేర్చుకున్నది కూడా అదే. చాలా ఏళ్ల తర్వాత కాలేజీలో భౌతికశాస్త్రం పాఠం చెప్పడానికి లెక్క వేసి చూసుకున్నప్పుడు గానీ మా నాన్న పొరపాటు నాకు తెలియలేదు. అప్పటికి ఆయన లేడు. ఉన్నా ఒప్పుకునేవాడు కాదనుకోండి.

ఆ లెక్క పెద్దదేమీ కాదు. బస్సులో నిలబడి ఉన్నప్పుడు డ్రైవరు బ్రేకు వేస్తే అందరం ముందుకు తూలుతాం కదా. సైకిలు మీదా అంతే. బ్రేకు పడగానే మనిషి బరువు ముందు చక్రం మీదికి ఒరుగుతుంది, వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రానికి నేల మీద పట్టు తక్కువ. అందుకని వెనక బ్రేకును ఎంత గట్టిగా పట్టినా, చక్రం తిరగడం ఆగి జర్రున జారుతుందే తప్ప సైకిలు త్వరగా ఆగదు. నేలను అదిమి పట్టుకొని ఉండేది ముందు చక్రం. ఆపే సత్తా ఉన్నది దానికే.

ఎంత తేడా అంటారా? మీ బాబు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వస్తున్నాడనుకుందాం. ఆటో కనబడి, చెయ్యి బ్రేకు మీదికి వెళ్లి, నొక్కేలోపు ఒక సెకను పడుతుంది. ఆ సెకనులోనే సైకిలు ఐదున్నర మీటర్లు వచ్చేస్తుంది. ఆ తర్వాత పొడి తారు రోడ్డు మీద వెనక బ్రేకుతో మాత్రమే ఆపితే ఇంకో ఆరు మీటర్ల పైచిలుకు కావాలి. రెండు బ్రేకులూ తెలిసి వాడితే మూడు మీటర్ల పైచిలుకు చాలు. మిగిలే తేడా మూడు మీటర్లు. ఆటో పొడవు దాదాపు రెండున్నర మీటర్లు ఉంటుంది. మీ వారు తీయించిన వైరు విలువ ఒక ఆటో పొడవుకన్నా ఎక్కువన్నమాట. వేగం గంటకు 30 కిలోమీటర్లకు పెరిగితే ఈ తేడా రెట్టింపును దాటుతుంది. వేగం రెండింతలైతే బ్రేకు పడ్డాక ఆగే దూరం నాలుగింతలవుతుంది కాబట్టి.

మీ ఇంట్లో ఈమధ్య కొన్న స్కూటరు ఉంటే మీ వారికి దాన్నే చూపించండి. 2019 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో అమ్మే 125 సీసీ దాకా ఉన్న ద్విచక్ర వాహనాలకు రెండు బ్రేకులూ కలిసి పనిచేసే ఏర్పాటైనా, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ అయినా తప్పనిసరి చేశారు. కలిసి పనిచేసే ఏర్పాటులో వెనక బ్రేకు వేస్తే దానితోపాటు ముందుదీ కొంత పడుతుంది. అంతకు పైబడిన బళ్లకు ఏబీఎస్సే పెట్టమన్నారు. ముందు బ్రేకంటే భయపడి వెనకదాన్నే నమ్ముకునేవాళ్లకు రెండూ కలిసి పడే ఈ ఏర్పాటు బాగా పనికొస్తుంది. స్కూటరుకు కంపెనీవాడు కలిపి ఇస్తున్న బ్రేకునే మీ వారు సైకిలుకు ఊడదీయించారు. దీనికి తగిన సామెత ఒకటుంది గానీ, ఎలుకలూ ఇల్లూ నిప్పూ అని ఎత్తుకుంటే ఆయనకు కోపం రావచ్చు, వదిలేస్తాను.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. వైరు తీసేసినా హ్యాండిల్ దగ్గర వేళ్లతో పట్టే లీవరు అక్కడే ఉండి ఉంటుంది. ఏడాదిగా ఆ లీవరుకు అలవాటుపడిన చెయ్యి, కంగారులో దాన్నే పట్టుకుంటుంది. పట్టుకున్నా ఏమీ జరగదు. ఆ సంగతి తెలిసేసరికి ఒక సెకను, అంటే ఐదున్నర మీటర్లు, పోతుంది. పైగా ఉన్న ఒక్క వెనక వైరూ ఏ రోజో తెగిందా, ఇక చెప్పులు నేలకు రాయాల్సిందే. మా చిన్నప్పుడు ఆ విద్య అందరికీ వచ్చు. నెలకో చెప్పుల జత పోయేది.

మరి ముందు బ్రేకు అంత మంచిదైతే బాబు ఎందుకు పడ్డాడు? ఈ ప్రశ్న అడగకుండా మీ వారు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. వెనక చక్రం లేవడానికి ఒక హద్దు ఉంది. సైకిలు మీద కూర్చున్న మనిషి గరిమనాభి, అంటే బరువంతా ఒకచోట ఉన్నట్టు లెక్కవేసే బిందువు, నేల నుంచి సుమారు 110 సెంటీమీటర్ల ఎత్తులో, ముందు చక్రం నేలను తాకే చోటుకు సుమారు 60 సెంటీమీటర్లు వెనకగా ఉంటుంది. ఆ అరవైని నూటపదితో భాగిస్తే సగానికి కాస్త ఎక్కువ వస్తుంది. సైకిలు వేగం తగ్గే తీవ్రత భూమ్యాకర్షణలో ఆ వంతును దాటితే వెనక చక్రం లేస్తుంది. డిస్కు బ్రేకుకు ఆ హద్దు దాటించే బలం రెండు వేళ్లలోనే ఉంటుంది. కంగారులో బాబు నాలుగు వేళ్లతో పిడికిలి బిగించి ఉంటాడు.

ఆ హద్దును జరపవచ్చు. ఒంటిని వెనక్కి, కిందికి తెస్తే గరిమనాభి వెనక్కి పోతుంది, దిగుతుంది. పల్టీ దూరమవుతుంది. ఒళ్లు ముందుకు ఒరిగితే దానికి సరిగ్గా విరుద్ధం. చాలామంది పిల్లలు పడేది అక్కడే. బ్రేకు పట్టిన వేగానికి సైకిలు ఆగుతుంది, ఒళ్లు మాత్రం సీటు మీద నుంచి ముందుకు జారుతుంది. చేతులు బిగించి ఆనుకోకపోతే ఆ ఒళ్లే వెళ్లి హ్యాండిల్ మీద పడి వెనక చక్రాన్ని లేపుతుంది. అందుకే పల్టీ నేరమంతా బ్రేకు మీద వేయడం నాకు నచ్చదు. వాడి చేయి ఇంకా తిరగలేదు, అంతే.

చేయి తిరగడం గురించి మాట్లాడే ముందు సైకిలును ఒకసారి చూడండి. మీరు రాయలేదు గానీ, "ఎలాగూ పెరుగుతాడు కదా" అని ఒక సైజు పెద్దది కొన్నారా? మన ఇళ్లలో చొక్కాలూ బూట్లూ కొన్నట్టే సైకిలూ కొంటాం. చొక్కా వదులైతే ప్రమాదం లేదు. సైకిలు పెద్దదైతే పిల్లవాడు హ్యాండిల్ అందుకోవడానికి ముందుకు సాగి కూర్చుంటాడు, బ్రేకు వేస్తే వెనక్కి జరగడానికి వాడికి చోటుండదు. సీటును దించండి, ఆగినప్పుడు రెండు కాళ్ల మునివేళ్లైనా నేలకు ఆనాలి. లీవరు పిడికి దూరంగా ఉందా అన్నది కూడా చూడండి. చాలా లీవర్లకు పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పితే లీవరు హ్యాండిల్‌కు దగ్గరగా వస్తుంది. పిల్లల సైకిలుకు ఈ స్క్రూ తిప్పి ఇచ్చిన దుకాణదారుణ్ని నేను ఇంతవరకు చూడలేదు. చూపుడు వేలూ మధ్య వేలూ మొదటి కణుపు దాకా లీవరు మీద పడాలి. వేలి కొసలతో అందుకొని లాగేవాడికి నెమ్మదిగా నొక్కడం ఎప్పటికీ రాదు.

పుస్తకాల సంచి ఎక్కడ ఉంటుంది? తొమ్మిదో తరగతి సంచి బరువు నాకు తెలుసు, మా మనవరాలిది ఎత్తి చూశాను. వీపున వేసుకుంటే ఒంటి బరువు పైకి పోతుంది. హ్యాండిల్‌కు తగిలిస్తే అంతకన్నా ఘోరం, తిప్పినప్పుడు ఊగుతుంది, ఏ రోజో ముందు చక్రంలోకి దూరుతుంది. క్యారియర్ బిగించి దాని మీద కట్టించండి. వెనక చక్రం మీద బరువు పడితే అది లేవడమూ కష్టమవుతుంది.

ఇక ఏ చేతిది ఏ బ్రేకు అన్న మీ ఇంటి గొడవ. మన దేశంలో మామూలుగా కుడి చేతిది ముందు బ్రేకు, ఎడమ చేతిది వెనకది. అమెరికాలో అమ్మే సైకిళ్లకు దీనికి విరుద్ధం, అక్కడి నిబంధనే అలా ఉంటుంది. కొన్నేళ్ల కిందట డాలస్‌లో మా మేనల్లుడి ఇంటికి వెళ్లినప్పుడు వాడి సైకిలు తీసుకొని పాలకు బయల్దేరాను. మలుపు దగ్గర అలవాటుగా కుడి లీవరు పట్టాను, వెనక చక్రం జర్రున జారింది. పడలేదు గానీ పాలు మాత్రం నడిచి తెచ్చాను. ఎవరి మాటా నమ్మకుండా మీరే చూసుకోండి. సైకిలును కదిలిస్తూ ఒక్కో లీవరే నొక్కండి, ఏ చక్రం బిగుసుకుంటుందో అదే. మరమ్మతులో వైర్లు తారుమారు కావడం కూడా మామూలే కాబట్టి, వైరు మళ్లీ వేయించాక ఇంకోసారి చూడండి.

సైకిలు దుకాణంలో వైరు కొత్తదే వేయించండి, తీసేసిన పాతదాన్ని మళ్లీ వాడనివ్వకండి. లీవరును పూర్తిగా పట్టుకున్నా అది హ్యాండిల్‌ను తాకకూడదు, మధ్యలో బొటనవేలు పట్టేంత సందు మిగలాలి. ముందు చక్రం ఇరుసును పట్టి ఉంచే బిగింపు గట్టిగా ఉందో లేదో చూడమనండి. డిస్కు బ్రేకు గట్టిగా పడినప్పుడు ఆ బలం ఇరుసును ఫోర్కులోంచి బయటికి తోస్తుంది. వదులుగా ఉంటే చక్రమే ఊడవచ్చు. మెకానిక్ బ్రేకు ప్యాడ్లు, అంటే డిస్కును రెండువైపులా అదిమిపట్టే బిళ్లలు, కూడా కొత్తవి వేస్తే మొదటి రోజే బండి ఆగుతుందనుకోవద్దు. ఓ మాదిరి వేగంతో వెళ్తూ, చక్రం బిగుసుకోకుండా, ఇరవై ముప్పైసార్లు నెమ్మదిగా బ్రేకు వేసి వదిలితే గానీ ప్యాడూ డిస్కూ ఒకదానికొకటి అలవాటుపడవు.

సాధన మొదలుపెట్టే ముందు మణికట్టు చూసిన డాక్టరును అడగండి, ఎప్పటినుంచి గట్టిగా పట్టవచ్చో ఆయనే చెప్పాలి. ఆ మాట వచ్చాక ఏదైనా ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉన్న బడి మైదానానికో, జనం లేని సిమెంటు ఆవరణకో వెళ్లండి. మీ వారినే తీసుకెళ్లమనండి. నేనైతే ఈ పని తండ్రి చేతే చేయిస్తాను. వైరు తీయించిన చెయ్యే నేర్పితే ఇంట్లో వాదన కూడా అక్కడే తీరిపోతుంది.

మొదట సైకిలు ఎక్కనే అక్కర్లేదు. పక్కన నడుస్తూ తోసుకువెళ్తూ, ముందు బ్రేకును ఒక్కసారిగా నొక్కమనండి. వెనక చక్రం గుర్రంలా లేస్తుంది. మళ్లీ తోస్తూ ఈసారి నెమ్మదిగా, నిమ్మకాయ పిండినట్టు, మొదట కాస్త, తర్వాత మరికాస్త నొక్కమనండి. చక్రం లేవకుండానే సైకిలు ఆగుతుంది. బ్రేకూ అదే, సైకిలూ అదే. తేడా అంతా వేళ్లలో ఉందని పిల్లవాడి చేతికే తెలుస్తుంది. నేను ఎంతోమంది పిల్లలకు చూపించాను, ఉపన్యాసం కన్నా ఈ రెండు నిమిషాలు ఎక్కువ పనిచేస్తాయి. భయం పోవడానికి కూడా. ఒకసారి పడ్డ పిల్లవాడు పైకి చెప్పకపోయినా ఆ లీవరును చూసి లోపల జంకుతూనే ఉంటాడు.

తర్వాత సుద్దతో అడ్డంగా ఒక గీత గీయండి. బాబు ఓ మాదిరి వేగంతో వచ్చి, ముందు చక్రం గీత దాటగానే వెనక బ్రేకుతో మాత్రమే ఆగాలి. ఎక్కడ ఆగాడో అక్కడ ఒక ఇటుక పెట్టండి. రెండోసారి అదే వేగంతో వచ్చి రెండు బ్రేకులూ నిమ్మకాయ పద్ధతిలో నొక్కాలి, ఇంకో ఇటుక. మీ వారిని ఆ రెండు ఇటుకల మధ్య అడుగులు కొలవమనండి. నేను పైన రాసిన లెక్కలన్నీ నమ్మకపోయినా ఫరవాలేదు, ఆ అడుగులను మాత్రం నమ్మక తప్పదు.

బ్రేకు నొక్కే ఆ క్షణంలో ఒళ్లు చేయాల్సిన పని కూడా నేర్పాలి. తొక్కడం ఆపి రెండు పెడళ్లూ నేలకు సమానమైన ఎత్తులో ఉంచి, వాటి మీద బరువు పెట్టి, పిరుదులను సీటు మీద నుంచి కాస్త లేపి వెనక్కి జరపాలి. చేతులతో హ్యాండిల్‌ను గట్టిగా ఆనుకోవాలి. మోచేతులు కర్రల్లా బిగుసుకోకుండా కొద్దిగా వంగి ఉండాలి. చూపు ముందు చక్రం మీద కాకుండా, తాను ఆగబోయే చోటు మీద ఉండాలి. ఇవన్నీ చదవడానికి చాలా ఉన్నట్టుంటాయి, నాలుగు రోజులు పదేసిసార్లు చేస్తే ఒళ్లే చేసుకుపోతుంది.

రెండు బ్రేకులూ కలిపి వాడమనడానికి ఇంకో కారణం ఉంది, ఇది బాబుకు విడిగా చెప్పండి. ముందు బ్రేకు హద్దుకు దగ్గరపడుతున్న కొద్దీ వెనక చక్రం తేలికై, వెనక బ్రేకు దెబ్బకు జారడం మొదలుపెడుతుంది. ఆ జర్రుమనే చప్పుడే హెచ్చరిక. అది వినబడగానే ముందు బ్రేకును పూర్తిగా వదలకుండా కొంచెం సడలించాలి. సాధనలో ఆ చప్పుడును కావాలనే తెప్పించి, సడలించి, మళ్లీ నొక్కడం అలవాటు చేయండి.

ఇంతసేపూ ముందు బ్రేకును పొగిడాను గనుక, దాన్ని నమ్మకూడని చోట్లు కూడా చెప్పాలి. వెనక చక్రం జారితే సైకిలు తోక ఊపుతుంది, నిలదొక్కుకోవచ్చు. ముందు చక్రం జారితే నిలదొక్కుకునే వ్యవధి ఉండదు, పడిపోవడమే. కాబట్టి నేల పట్టు లేనిచోట ముందు బ్రేకు మీద చెయ్యి తేలిగ్గా ఉండాలి. మీ ప్రాంతంలో అలాంటి చోట్లకు కొదవ లేదు. కోతల రోజుల్లో రోడ్డు మీద సగం మేర ధాన్యం ఆరబోస్తారు. ఆ గింజల మీద బ్రేకు వేయడం గోలీల మీద నడవడమే. చేపల లారీలూ రొయ్యల లారీలూ నీళ్లు కారుస్తూ పోతాయి, ఆ తడిలో జిగట కూడా ఉంటుంది. ఇసుక లారీ వెళ్లిన మలుపులో ఇసుక పేరుకుని ఉంటుంది. తెల్లవారుజామున ఇళ్ల ముందు కళ్లాపి, పేడనీళ్ల తడి. వానలో తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, రైల్వే గేటు దగ్గర పట్టాలు. వీటి మీదికి రాకముందే, గట్టి నేల మీద ఉండగానే వేగం తగ్గించుకోవాలి. తగ్గించుకోలేక మీదికి వచ్చేస్తే హ్యాండిల్‌ను నిటారుగా ఉంచి, వెనక బ్రేకు మాత్రం తేలిగ్గా తాకిస్తూ దాటేయాలి. అక్కడ తిప్పడమూ, గట్టిగా పట్టడమూ రెండూ వద్దు. పట్టాలను ఏటవాలుగా కాకుండా సూటిగా దాటాలి.

మలుపులకూ ఇదే వర్తిస్తుంది. బ్రేకు పని మలుపుకు ముందే అయిపోవాలి. సైకిలు పక్కకు ఒరిగి ఉన్నప్పుడు టైరుకున్న పట్టులో చాలా భాగం తిరగడానికే ఖర్చవుతుంది, బ్రేకుకు మిగిలేది కొంచెమే. స్పీడ్ బ్రేకరు దగ్గర కూడా ముందే తగ్గించి, సరిగ్గా దాని మీదికి ఎక్కేటప్పుడు బ్రేకు వదిలేయాలి.

వానలో డిస్కు బ్రేకులకు పెద్ద ఇబ్బంది ఉండదు. రిమ్మును పట్టే రబ్బరు బ్రేకులకు, అందులోనూ మెరిసే ఉక్కు రిమ్ములున్న పాత సైకిళ్లకు, తడిస్తే పట్టు దారుణంగా తగ్గిపోతుంది. ముందు రబ్బరు ఆ నీటిని తుడవాలి, ఆ తర్వాతే పట్టుకుంటుంది. మీ ఇంట్లో ఎవరైనా అలాంటి సైకిలు తొక్కుతుంటే, వానలో ఆగాల్సిన చోటుకు చాలా ముందునుంచే రబ్బర్లను రిమ్ముకు తేలిగ్గా రాస్తూ రమ్మనండి.

బజారులో, బళ్లు ఎక్కువగా ఉండే సందుల్లో రెండు వేళ్లు ఎప్పుడూ లీవర్ల మీదే ఉండాలి. ఇందాకటి ఆ ఒక్క సెకనును కొంతైనా తగ్గించగలిగేది ఈ అలవాటే. గంట కొడితే ఆటోలు ఆగుతాయన్న ఆశ పెట్టుకోవద్దు.

ఇక కైలాసగిరి. పంపవచ్చు, కానీ ఈ సాధన అంతా అయ్యాక. మీ భీమవరం బల్లపరుపు నేల. కాలువ వంతెన దిగడమే అక్కడ పెద్ద పల్లం. కొండ దిగడం వేరే విద్య. సైకిలుతో కలిపి 85 కిలోల బరువు 300 మీటర్ల ఎత్తు నుంచి దిగితే, ఆ శక్తి ఒక లీటరు మామూలు నీళ్లను దాదాపు మరిగే దాకా వేడి చేయడానికి సరిపోతుంది. గాలికి పోయేది పోగా మిగిలిన వేడంతా రెండు చక్రాల బ్రేకుల్లోకే వెళ్తుంది. కైలాసగిరి అంత ఎత్తు లేదు, బాబు అంత బరువూ ఉండడు, అయినా సంగతి అదే. పైనుంచి కిందిదాకా బ్రేకును ఒకే తీరున పట్టి ఉంచితే అది చల్లబడే సందు ఉండదు. పట్టు తగ్గుతుంది, కాలిన వాసన వస్తుంది. రబ్బరు బ్రేకులైతే రిమ్ము వేడెక్కి లోపలి ట్యూబు పేలవచ్చు. మలుపుకు ముందు రెండు బ్రేకులూ గట్టిగానే వేసి వేగం బాగా తగ్గించాలి, తర్వాత వదిలేయాలి. మళ్లీ వేగం పెరుగుతుండగా మళ్లీ వేయాలి. వేగం పెరిగాక కాదు, పెరుగుతుండగానే. పల్లంలో బరువు ముందే ముందు చక్రం మీదికి ఒరిగి ఉంటుంది కనుక ఒళ్లు వెనక్కి ఉంచడం అక్కడ రెట్టింపు అవసరం.

బ్రేకులు చూసుకోవాల్సింది కొండ మీద, దిగడం మొదలుపెట్టకముందు. మధ్యలో వేళ్లు నొప్పిపుడితే పక్కకు ఆగి రెండు నిమిషాలు సముద్రం చూడమనండి, అక్కడ చూడటానికి అదే ఉంది. ఆగినప్పుడు కుతూహలంతో డిస్కును వేలితో ముట్టుకోకూడదు, కాలుతుంది. చక్రం తిరుగుతుండగా గుడ్డతో తుడవడం అంతకన్నా ప్రమాదం, డిస్కుకున్న రంధ్రాల్లో వేలు ఇరుక్కుంటే తెగిపోతుంది. మొదటిసారి పెద్దవాళ్లు ఎవరైనా సైకిలు మీద ముందు వెళ్లాలి. వాళ్లను దాటి పోకూడదన్న ఒక్క షరతు పెట్టండి. మీ తమ్ముడి పిల్లల సైకిళ్లకు కూడా రెండేసి బ్రేకులు పనిచేస్తున్నాయో లేదో ఫోను చేసి అడగండి. మేనమామల ఇళ్లలో సైకిళ్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు.

మీ అత్తగారి కొబ్బరినూనె ఒకటి మిగిలింది. తలుపు కీలుకు ఆమె సలహా దివ్యంగా పనిచేస్తుంది. డిస్కు మీద ఒక్క చుక్క పడినా ప్యాడు దాన్ని పీల్చుకుంటుంది, ఇక ఆ బ్రేకు పట్టదు. చైనుకు నూనె స్ప్రే కొట్టేటప్పుడు కూడా డిస్కు మీద గుడ్డ కప్పాలి. కీచుమనడానికి మామూలు కారణం దుమ్మో, చేతి జిడ్డో, ప్యాడు కాస్త పక్కకు జరగడమో. మందుల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ శుభ్రమైన గుడ్డ మీద పోసి, చక్రం ఆపి, డిస్కును రెండువైపులా తుడవండి. అప్పటికీ పోకపోతే ప్యాడ్లను సరిచేయించండి. ఒకవేళ ఈ జవాబు మీకు చేరేలోపే నూనె పడిపోయి ఉంటే ప్యాడ్లు మార్చడం తప్ప దారి లేదు. ఆ సంగతి మాత్రం దాచకుండా మెకానిక్‌కు ముందే చెప్పండి. లేకపోతే అతను లోపం వైరులో ఉందనుకొని గంటసేపు దాన్నే బిగిస్తూ కూర్చుంటాడు.